ఒంటితో కొలిచేవాడు

మా శ్రీలంక కొండల్లో, వెలిమడ బజారులో తిలకసిరి మేస్త్రీ షెడ్డు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. పాత మోరిస్ మైనర్ కార్లకి మా ఆయన పెట్టింది పేరు. కారు మలుపులో ఎలా నిలబడుతోందో తెలుసుకోవడానికి ఆయనకి ఏ మీటరూ అక్కర్లేదు. మా మైనర్‌లో డ్రైవరు పక్క సీటు పీకేసి, అక్కడ పనసచెక్క పలక బిగించుకున్నాడు. కారుకీ తనకీ మధ్య దూది ఉంటే అది అబద్ధాలు చెబుతుందట. పొద్దుటే టీ చుక్క కూడా ముట్టకుండా ఆ పలక మీద కూర్చుని, పక్కన ఇంకొకరు నడుపుతుంటే కళ్ళు మూసుకుని కొండరోడ్డెక్కి దిగేవాడు. ఏ చక్రం ఎక్కడ నేల విడిచిందో, ఏ కమాను పట్టీ ఎక్కడ బిగుసుకుందో దిగగానే చెప్పేవాడు. ఆయనకి పని నేర్పిన పెద్దమేస్త్రీ పద్ధతి అది. పెళ్ళైన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పలేని మనిషికి కారు వెనకచక్రం సంగతి మాత్రం ఎలా తెలుస్తుందని దెప్పేదాన్ని. తెలిసేది మరి. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

మాకు ఒక్కతే కూతురు, సెవ్వంది. పొద్దున బడిపిల్లల వ్యాను నడుపుతుంది, ఆ తరవాత షెడ్డులోకి దిగి నాన్నతో సమానంగా నూనె పూసుకుంటుంది. ఏప్రిల్లో మా వైపు కొత్త సంవత్సరం పండగ అయ్యాక తేయాకు తోటల రోడ్డు మీద పాతకార్ల కొండపందెం జరుగుతుంది. ఆ రోడ్డు కొన చూసిన కారు ఏ షెడ్డుదో ఊరంతా అడుగుతారు, ఏడాది పొడుగునా ఆ షెడ్డుకే పని వస్తుంది. ఇన్నాళ్ళూ మా ఆయన తయారుచేస్తే వేరేవాళ్ళు నడిపారు. ఆ ఏడు సెవ్వంది నడుపుతానంది. ఆయన కాదనలేదు.

ఆ రోడ్డు మీద కల్వర్టు మలుపు ఒకటుంది. మలుపు సరిగ్గా సగంలో కల్వర్టు గూనిలా పైకి లేచి ఉంటుంది. కారు ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్నప్పుడే కింద నుంచి ఎత్తి కుదేస్తుంది. వెనకభాగం గట్టిగా నిలబడకపోతే తోక పక్కకి జారి లోయ వైపు పోతుంది. అంతకు ముందు ఏడు ఒక కుర్రాడు అక్కడే దొర్లాడు. వాడికి ఇప్పటికీ నడుము కింద స్పర్శ లేదు. వాళ్ళమ్మ సంతలో కనబడితే నేను తల తిప్పుకుని పోతాను, ఏం మాట్లాడాలో తెలీక.

పండగకి ముందే మా ఆయనకి నడుంనొప్పి మొదలైంది. నాటుమందు రాయించాం, తైలం పట్టించాం, తగ్గలేదు. బదుల్ల ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మ ఫొటోలు తీయించి, నన్ను కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. రాచపుండు ఎక్కడో పుట్టి వెన్నుపూసల్లోకి పాకిందట. కొలంబోకి వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి అంది. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"యశా, పందెం అయ్యేదాకా పిల్లకి చెప్పకు."

"చెప్పకపోతే ఎలాగయ్యా? డాక్టరమ్మ మాట వినలేదా?"

"చెప్పావంటే కారు మూలన పడేసి నన్ను కొలంబో ఈడ్చుకుపోతుంది. నేను పోయాక ఆడపిల్ల షెడ్డుకి ఎవడొస్తాడే? ఒక్కసారి దాని చేత్తో అది కొండెక్కితే చాలు. జనం వస్తారు. ఈ కాస్త నాకు చేసిపెట్టు."

నోటికొచ్చినట్టు తిట్టాను. బస్సులో పక్కవాళ్ళు చూస్తున్నా తిట్టాను. ఆఖరికి సరేనన్నాను. ఏడుపొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ వారమే కారుకి ఏం వెయ్యాలన్న పంచాయితీ మా వరండాలో మొదలైంది. తేయాకు ఫ్యాక్టరీలో పనిచేసే లయనల్ మాకు పాత నేస్తం. వాడికో మినీ ఉంది, వాడూ పందెంలో ఉన్నాడు. టీ తాగడానికి వచ్చి అందరికీ సలహాలు ఇచ్చిపోతుంటాడు.

"మేస్త్రీ, ఇంకేం ఆలోచించక కారుని నేలకంటా దించెయ్. ముందూ వెనకా ఇనుములా బిగించెయ్. గట్టి కారే మలుపులో నిలబడుద్ది" అన్నాడు.

"నీ మినీలో కూర్చుంటే పళ్ళు ఊడి చేతిలోకి వస్తాయి బాబాయ్" అంది సెవ్వంది. "గతుకు వస్తే చక్రం దిగాలి కదా? మరీ బిగిస్తే గాల్లోకి ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రం దేన్ని పట్టుకుంటుంది?"

మా ఆయన నవ్వాడు. "విన్నావా? దీన్ని నేను కన్నాను" అన్నాడు. నేను వంటింట్లో నుంచే అరిచాను, కన్నది నేనని.

ముందు వైపు ఒరుగు తగ్గడానికి అడ్డంగా ఒక కడ్డీ వెయ్యాలని ఇద్దరూ తేల్చారు. వెనక పాత షాక్ అబ్జార్బర్లు తీసేసి, బిగువు మార్చుకునే బిరడా ఉన్న కొత్తరకం పెట్టాలనుకున్నారు. కొలంబోలో పాత కార్ల సామాన్లు అమ్మే పంచికావత్త సందులన్నీ తిరిగి సెవ్వందే తెచ్చింది. వెనక బరువు మోసే కమాను పట్టీల కట్టలో ఎన్ని పట్టీలు ఉంచాలి, బిరడా ఎంత తిప్పాలి అన్నవి మాత్రం నాన్న పలక మీద కూర్చున్నాక తేలాలి. మా షెడ్డు పని అలాగే జరుగుతుంది.

మొదటిసారి కొండెక్కి వచ్చినప్పుడు ఆయన మొహం నల్లబడిపోయి ఉంది. "వెనక మరీ గట్టిగా ఉంది. వీపులో పొడుస్తోంది" అన్నాడు. సెవ్వంది బిరడా వదులు చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ గట్టిగానే ఉందన్నాడు. ఇంకా వదులు చేసింది. ఆయన చెప్పకముందే పిల్లకి తెలిసిపోయేది. నడుపుతూనే ఓరకంట నాన్న మొహం చూస్తుంది, పెదవి బిగిస్తే వెనక బిగుసుకుందని లెక్క. "నాన్న మొహమే అమ్మా నా మీటరు" అనేది గర్వంగా. ఆ మాట వింటే నేను వంటింట్లోకి పోయేదాన్ని. కానీ అప్పటికి నాకు ఆయన నొప్పి గురించే దిగులు. కారు గురించి ఆలోచించలేదు.

ఇక బిరడాతో పని కాదన్నాక పట్టీల మీద పడ్డారు. కట్టలో నుంచి ఒక పట్టీ పీకేశారు. ఆ రోజు ఆయన దిగినప్పుడు మొహం తేటగా ఉంది. "ఇప్పుడు బాగుంది. వెన్నలా పోతోంది" అన్నాడు. కడుపునిండా అన్నం కూడా తిన్నాడు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పట్టీ తీస్తే కారుకి మంచిదో చెడ్డో నాకేం తెలుసు? ఆయన ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు, అంతే చూసుకున్నాను.

ఆ మర్నాడే మా గేటు దగ్గర మురుగుకాలవ దాటుతూ కారు వెనక కింద ఎక్కడో బర్రుమని గీసుకుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ గీసుకోలేదు. ఇద్దరు మనుషులే ఉన్నారు అందులో. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సాయంత్రం లయనల్ వచ్చాడు. ఎప్పట్లా వరండాలోకి రాకుండా పెరట్లో బట్టలు తీస్తున్న నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒక మాట. పొద్దున కొండ మీద మీ మైనర్ వెనకే వచ్చాను. నిండుచూలాలు నడిచినట్టు నడుస్తోంది. కల్వర్టు మీద తోక కిందికంటా కూలబడి అడుగున ఆపే రబ్బరు దిమ్మ మీద దబ్బున కొట్టుకుంది. పిల్ల మెల్లగా పోతోంది కాబట్టి సరిపోయింది. పందెం రోజు ఆ వేగంలో అలా కొట్టుకుంటే..."

"మేస్త్రీకి చెప్పకపోయావా?"

"చెప్పాను. నీకు మినీ తప్ప ఏం తెలుసురా అని తరిమాడు. పోటీలో ఉన్నాను కదా, నా మాటెవరు నమ్ముతారు? కానీ అక్కా, మేస్త్రీ ఇలాంటి తప్పు చెయ్యడు. నిద్రలో కూడా చెయ్యడు. ఏమైందాయనకి?"

ఆయనకి ఏమైందో ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. గట్టిగా ఉన్నది పట్టీలు కాదు. ఆయన వెన్నుపూస. గతుకు పడ్డప్పుడల్లా అది పొడుస్తుంటే కారు పొడుస్తోందనుకుంటున్నాడు. నా కూతురేమో ఆ మొహం చూసి కారుని మెత్తబరుస్తోంది. ఆయనకి నొప్పి తగ్గేదాకా మెత్తబరుస్తుంది. ఆ నొప్పి తగ్గేది కాదు. అలా మెత్తబరిచిన కారులో పిల్ల కల్వర్టు మలుపు తిరగబోతోంది. మాట ఇచ్చాను కదా అని నోరు మూసుకు కూర్చుంటే నాకంటే పాపిష్టిది ఉండదు.

మర్నాడు, అంటే పందెం ముందురోజు, మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సెవ్వంది కారు కింద దూరి ఇంకో పట్టీ ఊడదీయడానికి నట్లు వదులు చేస్తోంది.

"ఆపవే" అన్నాను. "బయటికి రా."

"ఇదొక్కటి తీసి వస్తానమ్మా. నాన్నకి పొద్దున మళ్ళీ గట్టిగా అనిపించింది."

"నీ కారు గట్టిగా లేదే. మీ నాన్న నడుముకి రాచపుండు పట్టింది. వెన్నుపూసల్లో. బదుల్ల డాక్టరమ్మ చెప్పింది. గతుకు గతుక్కీ ఆయనకి ప్రాణం పోతోంది, నువ్వేమో పట్టీలు పీకుతున్నావు!"

అంత గట్టిగా అరిచానని నాకు తరవాత తెలిసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారట. సెవ్వంది కారు కింద నుంచి వచ్చి అలాగే నేల మీద కూర్చుంది. పానా చేతిలోనే ఉంది. నాన్న వైపు చూసింది. ఆయన నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

"మాటిచ్చావు కదే" అన్నాడు.

"ఇచ్చాను. తప్పాను. నీకు మాటిచ్చి పిల్లని లోయలో పడేసుకోమంటావా?"

"ఎప్పట్నించమ్మా?" అంది సెవ్వంది. నేను చెప్పాను. దాని మొహం ఎర్రబడింది. "తెలిసి నన్ను ఆయన్ని రోజూ ఆ పలక మీద కూర్చోబెట్టనిచ్చావా? నువ్వసలు అమ్మవేనా?"

పడ్డాను. పడాల్సిందే. ఆయనే అడ్డొచ్చాడు.

"దాన్నేం అనకు. నేనే వద్దన్నాను. సరే, నడుము నొప్పి ఉంది. ఉంటే? నొప్పి వేరు, కారు వేరు. నాకు తేడా తెలీదా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి ఇదే పని చేస్తున్నాను. పట్టీ తీస్తే బాగుంటుందన్నానంటే బాగుంటుంది."

"నాన్నా, నువ్వు ఆస్పత్రికి..."

"ఆస్పత్రి తరవాత. ముందు ఇది తేలాలి. నమ్మకం లేదా నా మీద? ఎక్కు. మన సందు చివరిదాకా పోయి వద్దాం. తరవాత నువ్వు దిగి నాకు చెప్పకుండా బిరడా ఎటు కావాలంటే అటు తిప్పు. మళ్ళీ పోదాం. ఏం చేశావో నేను చెబుతాను."

సెవ్వంది నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. అది కళ్ళు తుడుచుకుని వదులు చేసిన నట్లు మళ్ళీ బిగించి, స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆయన పలక మీదికి ఎక్కడానికి తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో అప్పుడు అది చూసింది. ఇన్నాళ్ళూ అది బడిపిల్లల్ని దించి వచ్చేసరికే ఎక్కి కూర్చునేవాడు.

మా సందు నిండా గతుకులే. పోయి వచ్చారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "గట్టిగా ఉంది" అన్నాడు. కళ్ళు తెరవలేదు. సెవ్వంది దిగి వెనక్కి వెళ్ళింది. చక్రం పక్కన కూర్చుని పానాతో ఇనుము మీద ఒకసారి తాకించి చప్పుడు చేసింది. అంతే. కాసేపు చక్రానికి తల ఆనించుకుని ఉండిపోయింది. నేను పక్కనే ఉన్నాను, అంతా చూశాను. లేచి వచ్చి మళ్ళీ నడిపింది. ఈసారి ఆయన అంత బిగుసుకోలేదు. కాసేపు కదలకుండా ఉండడంతో నొప్పి కొంచెం సర్దుకుందేమో.

"వదులు చేశావు. రెండు పక్కలా" అన్నాడు ధీమాగా. "చూశావా? ఇప్పుడు బాగుంది."

సెవ్వంది ఇంజను ఆపింది. "నేనేం ముట్టుకోలేదు నాన్నా" అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. పిల్ల మొహంలోకి చూశాడు, తరవాత నా మొహంలోకి చూశాడు. అబద్ధం కాదని అర్థమైంది. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి అలా కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు.

"పట్టీ మళ్ళీ ఎక్కించు" అన్నాడు.

"బిరడా ఎంత తిప్పను?" అని అడిగింది సెవ్వంది. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

"నన్నడక్కు తల్లీ."

ఆ సాయంత్రమంతా అదొక్కతే పని చేసింది. పట్టీ ఎక్కించి, ఒంటరిగా కొండెక్కి వచ్చి, బిరడా తిప్పి, మళ్ళీ వెళ్ళింది. ఆయన వరండాలో నులకమంచం మీద పడుకుని ఇంజను చప్పుడు వింటున్నాడు. ఒక్కసారి కూడా పిలిచి అడగలేదు. వెలుతురు పోకముందే అది చేతులు కడుక్కుని వచ్చింది. పందెం మానేసి రేపే కొలంబో పోదామంది. ఆయన నోరు తెరిచేలోగా నేనే అన్నాను, "రేపు ఎక్కు. ఎల్లుండి పొద్దున్నే బయల్దేరదాం" అని. నాకు భయం లేకపోలేదు. ఈ ఒక్కటి కూడా లాగేసుకుంటే ఆయనకి మిగిలేదేం లేదనిపించింది.

మర్నాడు పాలన్నం వండాను. పిల్ల మణికట్టుకి గుడి నుంచి తెచ్చిన, భిక్షువులు మంత్రించిన పిరిత్ దారం కట్టాను. మా ఆయన కల్వర్టు మలుపు దగ్గరే నిలబడతానన్నాడు. లయనల్ తన ఫ్యాక్టరీ వ్యానులో మమ్మల్ని అక్కడ దింపి, మినీ కోసం కిందికి పోయాడు. తాడు కట్టిన చోట, గట్టు మీద ఆయన్ని కూర్చోబెట్టాను. పొగమంచు ఇంకా పూర్తిగా విడవలేదు. కార్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. కల్వర్టు మీద ఎత్తి కుదేసినప్పుడల్లా జనం ఓయ్ అని అరుస్తున్నారు. లయనల్ మినీ పళ్ళు రాలగొట్టేలా ఎగిరి పోయింది.

మా మైనర్ చప్పుడు కింద మలుపులోనే పోల్చుకున్నాను. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"తెరువయ్యా" అన్నాను మోచేత్తో పొడుస్తూ. "నీ కూతురొస్తోంది, చూడు."

తెరిచాడు. కారు మలుపులోకి వచ్చింది, ఒరిగింది, కల్వర్టు ఎక్కింది. వెనక కొంచెం ఎగిరి, లోయ వైపు జానెడు జరిగి, నేలని పట్టుకుంది. అంతే. అది పట్టుకున్న క్షణంలోనే సెవ్వంది గేరు మార్చిన చప్పుడు వినబడింది. కారు పైకి వెళ్ళిపోయింది.

జనం అరుస్తున్నారు. మా ఆయన మాత్రం ఆ జానెడు జారిన చోటునే చూస్తూ కూర్చున్నాడు.

"నిన్న నా మాట విని ఆ రెండో పట్టీ కూడా తీసి ఉంటే ఇక్కడే పోయేది" అన్నాడు.

"అవును" అన్నాను. కాదని చెప్పి ఊరడించాలనిపించలేదు. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను, చల్లగా ఉంది.

పందెం అయ్యాక సెవ్వంది పై నుంచి నడిచి వచ్చింది. పందెం లెక్కల్లో లయనల్ దాని కంటే ముందున్నాడు, ఇంకా ఎవరెవరో ముందున్నారు. అయినా దాని వెంట ఇద్దరు ముగ్గురు పాతకార్ల వాళ్ళు ఏదో అడుగుతూ వస్తున్నారు. వెనక ఏం వేశావమ్మా, ఎంత బిగించావు అంటూ. అది వాళ్ళకి జవాబు చెబుతూనే మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది. నాన్న ముందు నిలబడింది. ఆయన ఏమంటాడో అని నాకు భయంగానే ఉంది.

"ఎలా ఉంది వెనక?" అని అడిగాడు ఆయన.

పుట్టాక మొదటిసారి అది నాన్న నోట ఆ ప్రశ్న వింది. కాస్త తడబడింది. "కల్వర్టు దిగేటప్పుడు కొంచెం జారింది నాన్నా. కుడిపక్క ఇంకాస్త బిగించాల్సింది. మిగతా చోట్ల బాగుంది."

షెడ్డుకొచ్చేవాళ్ళు తన మాట వినేటట్టే ఆయన శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. ఆ వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "దాన్నే అడగండి. కారు దానిది" అన్నాడు. తరవాత గట్టు మీద నుంచి లేవబోయాడు. లేవలేకపోయాడు. నేను పట్టుకోబోతే వద్దని తోసేస్తాడనుకున్నాను, ఇన్ని వారాలుగా తోసేస్తూనే ఉన్నాడు.

రెండు చేతులూ కూతురి వైపు చాపాడు.

"నొప్పిగా ఉందే తల్లీ" అన్నాడు, అందరి ముందూ. "చాలా నొప్పిగా ఉంది. నన్ను లేపు."

సెవ్వంది మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, మెల్లగా లేపింది.